లావు రాడ్డు ఏసినా క్యారియర్ ఎందుకు విరుగుతోంది?

సంపాదకులు గారికి,

నమస్కారం. తెల్లారి ఐదు గంటలప్పుడు తిరుపతి చుట్టూ ఏ రోడ్డు మీద నిలబడినా ఇదే కనిపిస్తుంది. వంద సీసీ బండి, రెండు పక్కలా పాల క్యాన్లు, వెనక ఒక క్రేటు, కొన్నిటికి ట్యాంకు మీద కూడా ఒక మూట. పాలు, పూలు, టమేటాలు, చెనక్కాయలు, గ్యాసు సిలిండర్లు, సెంట్రింగ్ సామాను, పెళ్లి వంటల గిన్నెలు అన్నీ ఈ చిన్న బండ్ల మీదే ఊళ్లోకి వస్తున్నాయి. వీటికి కంపెనీ బిగించి ఇచ్చే వెనక కడ్డీ చెయ్యి పట్టుకోవడానికే గాని మోపు మోయడానికి కాదు. అందుకే ఎవరి క్యారియర్ వాళ్లు చేయించుకుంటారు. చేయించుకోవడంలో తప్పేం లేదు. పత్రికలో ప్రమాదం వార్త 'అధిక బరువు వల్ల' అన్న ముక్కతో ముగిసిపోతుంది గానీ, ఆ ముక్క వెనక చాలా సంగతి ఉంది. వెల్డింగ్ పని చేసే మేము అది చెప్పాలనే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించాలి.

వెల్డింగ్ షాపుకు వచ్చే వాళ్లు అందరూ ముందు అనే మాట, "అన్నా, లావు రాడ్డు ఏసి గట్టిగా కొట్టు." లావు రాడ్డు గట్టిదన్న నమ్మకం మనవాళ్లలో పాతుకుపోయింది. లెక్క చూడండి. గుండ్రటి ఇనుప రాడ్డు బరువుకు షాపులో అందరికీ తెలిసిన సూత్రం ఒకటుంది: మందాన్ని ఎం.ఎం.లలో తీసుకుని, దాన్ని దాంతోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. ఆ ప్రకారం 12 ఎం.ఎం. రాడ్డు మీటరు దాదాపు 890 గ్రాములు. అదే ముక్కాలు అంగుళం, అంటే 19 ఎం.ఎం. ఎం.ఎస్. పైపు (మామూలు ఇనుప పైపు), 16 గేజిది, అంటే గోడ మందం సుమారు 1.6 ఎం.ఎం., మీటరు 690 గ్రాములు కూడా ఉండదు. వంగకుండా నిలబడటంలో మాత్రం ఈ పైపు ఆ రాడ్డుకు మూడు రెట్ల పైమాట. ఇనుము మధ్యలో కంటే అంచున ఉన్నప్పుడే వంపును ఎక్కువగా అడ్డుకుంటుంది, పైపులో ఉన్న ఇనుమంతా అంచునే ఉంటుంది. క్యారియర్‌కూ క్యాన్లు కూర్చునే రెండు పక్కల ఫ్రేములకూ కలిపి ఎనిమిది మీటర్లు పడుతుందనుకుంటే, రాడ్డుతో ఏడు కిలోలు, పైపుతో ఐదున్నర. ఆ మిగిలిన కిలోన్నర పాలుగానో పూలుగానో మోసుకోవచ్చు.

సరే, పైపే వేశారు. అయినా విరుగుతుంది. ఎక్కడ విరుగుతుందో చూస్తే సంగతి తెలుస్తుంది. పైపు నడిమికి విరిగిన క్యారియర్ కనిపించడం అరుదు. విరిగేది ఎప్పుడూ బోల్టు బిగించే పట్టీ దగ్గరే, వెల్డింగ్ గీత పక్కనే ఒక వెంట్రుకవాసి పగులుగా మొదలవుతుంది. పెయింటు మీద సన్నగా తుప్పు గీత కనిపిస్తే అది మరక కాదు, పగులు నోరు తెరిచిందని అర్థం. దాని మీద మళ్లీ వెల్డింగ్ కొట్టించుకుని వెళ్తారు. నెలకే ఆ కొత్త గీత పక్కన ఇంకో పగులు. కారణం అలాగే ఉంటే వెల్డింగ్ ఎంత కొట్టినా ఏం లాభం?

ముఖ్యమైన కారణం ఒకటుంది. బండిలో వెనక చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగే భాగాలున్నాయి, ఊగని భాగాలున్నాయి. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఊగుడు చేయి), షాక్ అబ్జార్బర్ కింది బోల్టు, ఇరుసు ఊగుతాయి. సీటు కింద ఫ్రేము, షాక్ అబ్జార్బర్ పై బోల్టు, వెనక కడ్డీ బోల్టులు ఊగవు. క్యారియర్ పై కొసను ఫ్రేముకు, కింది ఊతాన్ని షాక్ అబ్జార్బర్ కింది బోల్టుకు బిగించే అలవాటు ఇక్కడ చాలా షాపుల్లో ఉంది. బోల్టు చేతికి అందుబాటులో ఉంటుంది, పని తొందరగా అయిపోతుంది కాబట్టి. అలా బిగిస్తే షాక్ అబ్జార్బర్ పనిచేయడానికి వీలుండదు. ప్రతి గుంతలోనూ చక్రం పైకి రావాలని చూస్తుంది, క్యారియర్ రానివ్వదు. చివరికి ఊతమైనా వంగుతుంది, పట్టీ అయినా చిరుగుతుంది, బోల్టయినా తెగుతుంది. ఇంకా లావు రాడ్డు వేస్తే ఆ దెబ్బ నేరుగా బండి ఫ్రేముకు తగులుతుంది. కొన్ని మోడళ్లలో వెనక కూర్చునేవాళ్ల ఫుట్‌రెస్టు కూడా స్వింగ్ ఆర్మ్ మీదే ఉంటుంది. చూడటానికి గట్టిగా కనిపిస్తుంది గానీ దానికీ ఊతం తగిలించకూడదు.

కనుక్కోవడం సులువు. బండిని మామూలు స్టాండు తీసి నేల మీద నిలబెట్టి, ఒకరు సీటు మీద కూర్చుని గట్టిగా కిందికీ పైకీ ఊపాలి. ఇంకొకరు పక్కన కూర్చుని బోల్టు మీద వేలు పెట్టి చూడాలి. సీటుతో పాటు వేలు కదిలితే ఆ బోల్టు మన పనికి వస్తుంది. సీటు కదులుతున్నా వేలు నిలిచిపోతే, అది చక్రం తాలూకు బోల్టు. దాన్ని వదిలేయండి.

షాక్ అబ్జార్బర్ పై బోల్టు మంచి చోటే, ఒక షరతు మీద. అక్కడ 5 ఎం.ఎం. పట్టీ కొత్తగా దూర్చినప్పుడు ఆ మేరకు నట్టుకు మర తగ్గిపోతుంది. బిగించాక నట్టు బయట కనీసం రెండు మరలు కనిపించాలి. గుమ్మటం నట్టయితే లోపల ఏమైందో కనిపించదు, మర అడుగున తగిలి గట్టిగా బిగిసినట్టు మోసం చేస్తుంది. దాన్ని తీసి మామూలు నట్టు వేసి చూడాలి. మర చాలకపోతే ఆ చోటు వద్దు, పైనున్న కడ్డీ బోల్టులకే నాలుగు చోట్ల పంచాలి. బోల్టులు 8 ఎం.ఎం.వి, తల మీద 8.8 అని గట్టిదనం అచ్చు ఉన్నవి కొనండి. అచ్చు లేని మెత్తటి బోల్టు ముందు సాగుతుంది, సాగాక వదులవుతుంది, వదులయ్యాక ఆ అదురే పట్టీని కోస్తుంది. లోపల నైలాన్ చుట్టు ఉన్న నట్టు అదురుకు తిరగదు. స్ప్రింగ్ వాషర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఏ బోల్టయినా మొదటి 50 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, 200 తర్వాత ఒకసారి పానా పెట్టి చూడాల్సిందే, పెయింటు పొర నలిగి సందు వస్తుంది కాబట్టి.

ఇక బరువు ఎక్కడ కూర్చోవాలన్నది. వంద సీసీ బండికి రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 1236 ఎం.ఎం. ఉంటుంది, మోడలును బట్టి కొంచెం అటూ ఇటూ. క్యారియర్‌ను సీటు వెనక పొడుగ్గా సాగదీసి, వెనక ఇరుసుకు 350 ఎం.ఎం. అవతల 30 కిలోలు పెట్టారనుకోండి. వెనక చక్రం మీద పడేది 30 కిలోలు కాదు, 38న్నర. ఆ ఎనిమిదిన్నర ముందు చక్రం నుంచి లేచిపోయిన బరువు. ఏతాం లాంటిదే, ఒక కొస దిగితే రెండో కొస లేస్తుంది. నిండిన గ్యాసు సిలిండరు కూడా రమారమి అంతే: గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ సిలిండరు ఇంకో పదిహేను, పదహారు. అదే బరువు ఇరుసుకు సరిగ్గా పైనో పక్కనో ఉంటే ముందు చక్రం మీద ఏ మార్పూ ఉండదు. చేతిలో హ్యాండిలు తేలిపోతోంది, ముందు బ్రేకు పడితే టైరు జారుతోంది అనేవాళ్ల బండి చూస్తే, పది సార్లలో తొమ్మిది సార్లు క్యారియర్ వెనక్కు సాగి ఉంటుంది. వెనక టైరు చూసి భయపడతారు గానీ, ప్రమాదం ముందు టైరు దగ్గర ఉంటుంది.

మన దగ్గర ఘాట్లు ఎక్కువ కాబట్టి ఇది ఇంకా ముదురుతుంది. తిరుమల కొండ, భాకరాపేట ఘాటు, పలమనేరు దారిలో మొగిలి ఘాటు, ఎటు పోయినా ఎక్కుడో దిగుడో తప్పదు. ప్రతి పది మీటర్లకు ఒక మీటరు లేచే దారిలో, నేలకు మీటరు ఎత్తున కట్టిన మూట పది సెంటీమీటర్లు వెనక్కు జరిపి కట్టినట్టే పనిచేస్తుంది. మూట మీద మూట ఎత్తుకుంటూ పోతే ఆ జరుగుడూ పెరుగుతుంది. దిగేటప్పుడు వెనక బరువు ముందుకు తోస్తుంది. డ్రమ్ము బ్రేకు పట్టుకునే దిగితే లైనర్లు కాలి కమురు వాసన వస్తుంది, ఆ తర్వాత పెడలు తొక్కినా బండి ఆగదు. రెండో గేరులో ఇంజనుతోనే బండిని ఆపుకుంటూ దిగాలి. బరువు కట్టి న్యూట్రల్లో దిగడం గురించి చెప్పేదేముంది.

మొత్తం బరువు హద్దు బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. వంద సీసీ బండ్లకు సుమారు 130 నుంచి 150 కిలోలు, నడిపే మనిషితో కలిపి. నలభై లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు. రెండు క్యాన్లకు 82. నడిపే ఆయన 70. క్యాన్ల ఇనుము, క్యారియర్ ఇనుము కలపకముందే 152 అయిపోయింది. నలభై లీటర్లవి రెండు కాకుండా ఇరవై లీటర్లవి రెండు, పక్కకు ఒకటి చొప్పున, కావాలంటే రెండో ట్రిప్పు. పెట్రోలు ఖర్చవుతుంది, నిజమే. స్వింగ్ ఆర్మ్ బుష్షులు, చైను సెట్టు, వెనక రిమ్ము కడ్డీల ఖర్చు పక్కన పెట్టుకుని చూస్తే ఆ తేడా అంత బాధ పెట్టదు. టైరు పక్కన 80/100-18 54P లాంటి అచ్చు ఉంటుంది. అందులో 54 అంటే నిండా గాలి ఉన్నప్పుడు ఆ ఒక్క టైరు 212 కిలోలు మోస్తుందని. గాలి తక్కువుంటే ఆ హామీ లేదు. ఇద్దరు కూర్చున్నప్పుడు ఎంత గాలి పెట్టాలో కంపెనీ రాసిన అంకెనే బరువు కట్టినప్పుడూ పెట్టించుకోండి. షాక్ అబ్జార్బర్ కింది మెట్టు తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది, రెండు పక్కలా ఒకే మెట్టులో ఉండాలి.

తయారీలో మా అనుభవంలో తప్పు జరిగే చోట్లు కొన్ని చెబుతాం. పాత నీళ్ల పైపు, అంటే జీఐ పైపు ఊరికే దొరికిందని తెస్తారు. దాని మీద జింకు పూత కాలితే తెల్లటి పొగ వస్తుంది, పీల్చితే సాయంత్రానికి చలిజ్వరం. వెల్డింగ్ కూడా బుడగలు బుడగలుగా వస్తుంది. పూతను అతుకు పడే చోట రెండంగుళాల మేర గ్రైండింగ్ చేస్తే గాని దాన్ని ముట్టుకోకూడదు. అసలు వద్దనే చెబుతాం.

వంచడానికి బెండింగ్ మిషను లేకపోతే, పైపులో ఇసుక దట్టించి రెండు కొసలా చెక్క బిరడా కొట్టి వంచుతారు. ఆ ఇసుక పెనం మీద వేయించినంత పొడిగా ఉండాలి. తడి ఉన్న ఇసుక నింపి గ్యాసు మంట పెడితే లోపల ఆవిరి పుట్టి బిరడా తూటాలా ఎగురుతుంది. 19 ఎం.ఎం. పైపును 60 ఎం.ఎం. కంటే చిన్న మలుపులో వంచితే లోపలి వైపు ముడత పడుతుంది, ఎప్పటికైనా విరిగేది ఆ ముడతలోనే.

అతుకుకు 6013 రకం వెల్డింగ్ రాడ్డు, 2.5 ఎం.ఎం.ది, 60 నుంచి 70 ఆంపియర్లలో చాలు. 3.15 రాడ్డుతో 16 గేజి పైపు మీద కొడితే చిల్లు పడుతుంది, ఆ చిల్లును పూడ్చడానికి ఇంకా కొడితే చుట్టూ ఇనుము పెళుసెక్కుతుంది. క్యారియర్‌ను బండి మీద నిలబెట్టి ముక్కలు కదలకుండా అక్కడక్కడ వెల్డింగ్ చుక్కలు మాత్రమే పెట్టాలి. తర్వాత విప్పి కింద పెట్టి పూర్తి వెల్డింగ్ చేయాలి. చుక్కలు పెట్టే ముందు బ్యాటరీ వైరు తీసేయాలి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో ఇంధనాన్ని కొలిచి పంపే కంప్యూటరు ఉంటుంది, అది కాలితే క్యారియర్ కంటే పది రెట్లు ఖర్చు. ఎర్తు క్లాంపును పని జరిగే ముక్కకే తగిలించాలి, చక్రం దగ్గర తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి గుళ్లను పాడు చేస్తుంది. ట్యాంకు దించేయాలి. షాక్ అబ్జార్బర్ కడ్డీకి తడి గోనె చుట్టాలి, ఒక్క నిప్పురవ్వ అంటుకుంటే సీలు చిరిగి నూనె కారుతుంది.

పట్టీ విషయం. 40 ఎం.ఎం. వెడల్పు, 5 ఎం.ఎం. మందం ఉన్న పట్టీ వాడి, పైపు కలిసే మూలలో చిన్న త్రికోణం బిళ్ల ఒకటి అతికితే బరువు ఒక్క గీత మీద కాకుండా నాలుగు వేళ్ల మేర పరుచుకుంటుంది. ఈ అరచేయి అంత ఇనుము ముక్కే క్యారియర్ ఆయుష్షు. రెండు కొసలూ మూసేసిన పైపులో కింది వైపు 3 ఎం.ఎం. రంధ్రం ఒకటి వదలండి, లేకపోతే లోపల చేరిన నీరు బయటికి రాక లోపలినుంచే తింటుంది. పైకి పౌడర్ కోటింగ్ నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల పైపు అప్పడంలా అయిపోయి ఉంటుంది. రెడ్ ఆక్సైడు ఒక పూత, రాత్రంతా ఆరాక ఎనామిలు రెండు పూతలు చాలు. పగులు వస్తే కనిపించాలంటే లేత రంగు మంచిది, నలుపు మీద ఏమీ తెలియదు.

పక్క ఫ్రేములకు మనవాళ్లు మరిచిపోయేది అడ్డపట్టీ. ఎడమ ఫ్రేమునూ కుడి ఫ్రేమునూ నంబరు ప్లేటు వెనకగా ఒక 25 ఎం.ఎం. పట్టీతో కలపకపోతే, క్యాను బరువుకు ఫ్రేము కింది అంచు లోపలికి వాలుతుంది. ఎడమ పక్కయితే చైనుకు, కుడి పక్కయితే సైలెన్సరుకు తగులుతుంది. సైలెన్సరుకూ ప్లాస్టిక్ క్యానుకూ మధ్య మూడంగుళాల సందు, నడుమ ఒక అల్యూమినియం రేకు ఉండాలి. ఇంకో మాట: ఇరుసు నట్టుకూ చైను బిగించే బోల్టుకూ పానా పట్టేంత చోటు వదిలారా? పంక్చరైన రోజు చక్రం ఊడదీయడానికి క్యారియర్ మొత్తం విప్పాల్సిన బండ్లు ఊళ్లో బోలెడున్నాయి. వాటిని చూస్తేనే పంక్చరు షాపు వాళ్లకు తలనొప్పి.

కట్టడానికి సైకిల్ ట్యూబు ముక్కలు అందరం వాడతాం. మెత్తటి మూటకు అవి బాగానే ఉంటాయి. బరువైన దానికి మాత్రం రబ్బరు సాగుతూనే ఉంటుంది, ప్రతి కుదుపుకూ మూట కాస్త జరుగుతుంది. ఇక్కడి ఎండకు ఏడాది తిరిగేసరికి రబ్బరు మీద నెర్రెలు వస్తాయి. కొక్కేలున్న రబ్బరు తాడు తెగితే కొక్కెం నేరుగా కంటికి వస్తుంది, కట్టేటప్పుడు మొహం దాని వరసలో పెట్టొద్దు. బరువుకు నైలాన్ తాడు, లారీల వాళ్లు టార్పాలిన్ మీద వేసే లాగుడు ముడి. తాడు మధ్యలో ఒక కన్ను వేసి, కొసను క్యారియర్ పైపు కింది నుంచి తిప్పి ఆ కంట్లోంచి తీసి కిందికి లాగితే, చేతి బలానికి రెండింతలు బిగుసుకుంటుంది. మిగిలిన కొసను చుట్టి మూట కిందికి దోపండి. వేలాడే కొస చక్రంలో పడితే ముడి విప్పే అవసరం రాదు, చక్రమే ఆపేస్తుంది. కొండకు పోయేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. అలిపిరి తనిఖీ దగ్గర సంచులు దించాల్సి వస్తుంది. నాలుగు సంచులు నాలుగు ముడులతో కాకుండా, అన్నీ ఒక పెద్ద సంచిలో వేసి ఒకే కట్టుగా కడితే వెనక వరసలో ఉన్నవాళ్లు తిట్టుకోరు.

చట్టం సంగతి కొంచెం. బండి వెనక పెట్టె బిగించుకోవడానికి 2020లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 ఎం.ఎం. దాటకూడదు. పెట్టె వెనక సీటు మీద ఉంటే రెండో మనిషి ఎక్కకూడదు. సీటుకు వెనక ఉంటే ఎక్కవచ్చు. వెనక చక్రం ఎడమ పక్క కనీసం సగమైనా కప్పి ఉండాలన్నది కూడా నిబంధనే. చీర కొంగు చక్రంలో పడకుండా పెట్టిన ఆ జాలీని పక్క ఫ్రేము కోసం కోసి పారేయడం ఇక్కడ మామూలైపోయింది. అనుమతి లేకుండా బండిని మార్చితే మోటారు వాహనాల చట్టం 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. కాబట్టి ఫ్రేముకు వెల్డింగ్ కొట్టొద్దు, ఫ్రేమును కోయొద్దు. బోల్టులతో వచ్చి బోల్టులతోనే పోయేది చేయించుకోండి. వెనక లైటు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు మూట కట్టాక కూడా కనిపించాలి. ఖాళీ బండిని చూసి కనిపిస్తున్నాయనుకుంటే కుదరదు.

ఈ కొలతలు తెలుగులో రాసిన బోర్డు ఒకటి ఆటోనగర్లలో, రవాణా కార్యాలయం గేటు దగ్గర పెట్టమని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. పట్టుకుని జరిమానా రాసేటప్పుడు తెలిసేకంటే చేయించుకునే ముందు తెలిస్తే మా పనీ సులువవుతుంది.

చేయించుకునే వాళ్లకు ఒక మనవి. షాపుకు వచ్చి రెండు చేతులూ చాపి "ఇంతుంటాదన్నా" అని చూపించొద్దు. క్యాను కోసమైతే క్యానునే తీసుకురండి, క్రేటుకైతే క్రేటునే. క్యాను ఖాళీగా కాదు, నీళ్లు నింపి తెండి. బండి ఎంత దిగుతుందో చూసే కొలత తీయాలి.

ఇట్లు,
వెల్డింగు, బండ్ల రిపేరు పనులు చేసుకునే కొందరం,
తిరుపతి